తాతల ఇల్లు సరే, దాని కాగితం ఏదీ?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంటి కాగితం వెతికి చూడు అన్న మూడో మాటను కూడా ఆ సామెతకు చేర్చవలసిన రోజులివి. కట్టినవారు పోయారు, ఇల్లు నిలిచింది. దాని కాగితం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దొరికినా చదివేవారు లేరు. మా బొగ్గు ప్రాంతంలో ఈ బాధ ఒకరిద్దరిది కాదు.

మేముండేది సెంటినరీ కాలనీ. ఇల్లందు వద్ద 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ లెక్కన 1989 నాటికి సింగరేణికి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్ల పేరే ఈ కాలనీ పేరు. ఇక్కడ క్వార్టరులో ఉన్నంతకాలం కార్మికుడికి ఇంటి కాగితాల ఊసే రాదు. ఇల్లు కంపెనీది, నక్షా కంపెనీది, గోడ బీటలు వారితే అర్జీ పెట్టేది కూడా కంపెనీ సివిల్ విభాగానికే. ముప్పై అయిదేళ్లు ఇట్లా నిశ్చింతగా గడిపిన మనిషి రిటైరైన నాడు క్వార్టరు అప్పగించి ఊళ్లో తాత కట్టిన పెంకుటింటికి చేరుకుంటాడు. అప్పుడు మొదలవుతుంది చిక్కు. మరమ్మతుకు బ్యాంకు అప్పు కావాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా, పంచాయతీలో పేరు మార్చాలన్నా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఆధారం ఏది?"

మా చుట్టుపక్కల ఊళ్లకు మరో తొందర కూడా ఉన్నది. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించే కొద్దీ ఊళ్లు లేచిపోతున్నాయి. లద్నాపూర్ పేరు ఈ సందర్భంలో పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. 1894 నాటి భూసేకరణ చట్టం పోయి 2013లో చేసిన కొత్త చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం భూమితోపాటు దానిమీది కట్టడానికీ విడిగా విలువ కట్టాలి. విలువ కట్టేది ఇంజనీరు. ఆ సొమ్ము ఎవరి పేరున, ఏ వాటాన చెల్లించాలన్నది తేల్చేది మాత్రం కాగితమే. ఇల్లు నేలమట్టమయ్యాక ఆ కాగితం దొరికితే, కొలిచి చూపడానికి గోడ మిగిలి ఉండదు.

నీలి కాగితం, నల్ల సిరా

'ఇంటి ఒరిజినల్ బ్లూ ప్రింటు ఎక్కడ దొరుకుతుంది?' అని ఈ మధ్య చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. బ్లూ ప్రింటు అనే మాట బొగ్గు గని మనుషులకు కొత్తది కాదు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండకు చూపితే నీలం రంగు తేలుతుందని కనుగొన్నాడు. పలుచని గుడ్డమీద గీసిన నక్షాను ఆ కాగితంపై పరచి ఎండలో పెడితే గీత ఉన్నచోట తెలుపు, మిగతా అంతా నీలం. ఆ తరువాత అమ్మోనియా ప్రింట్లు వచ్చి తెల్లకాగితం మీద నీలి గీతలు అయినాయి. గని సర్వే ఆఫీసు పక్కగా నడిచిన పాత కార్మికులకు ఆ ముక్కు మండే వాసన ఇప్పటికీ గుర్తే.

కంపెనీ క్వార్టర్లకు అటువంటి నక్షా ఉంటుంది. ఒక రకం క్వార్టరుకు ఒకే నక్షా గీసి, దాన్నే వందల ఇళ్లకు వాడుతారు. కాబట్టి మన క్వార్టరు నంబరు పట్టుకొని వెతికితే ఏమీ దొరకదు, రకం పేరుతో అడగాలి. పైగా కంపెనీ చేతులు మారిన ప్రతిసారీ కాగితాలూ చోటు మారాయి. 1886లో లండనులో రిజిస్టరయిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ మొదటిది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో వాటాలు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. ఇల్లందు పాత బంగళాల వంటి వాటి నక్షా వెతికేవారు ముందుగా ఆ కట్టడం ఏ కాలంలో లేచిందో తేల్చుకొని, అప్పటి యజమాని ఎవరో చూసుకోవాలి. కాగితం సాధారణంగా యజమాని వెంటే పోతుంది.

ఇక ఊళ్లో తాత కట్టిన ఇంటికి బ్లూ ప్రింటు వెతకడం వృథా శ్రమ. అటువంటిది ఎన్నడూ లేదు. మేస్త్రీ నేలమీద ముగ్గుతో గీత గీశాడు, తాడు పట్టాడు, పునాది తీశాడు. అంతే. వానాకాలానికి ఆ ముగ్గు పోయింది.

అయితే నక్షా పూర్తిగా లేదని కూడా అనలేము. అది గీతల్లో కాక మాటల్లో ఉన్నది. ఇల్లు కొన్ననాటి బైనామాలోనో, దానమిచ్చిన హిబానామాలోనో, పంచుకున్న తక్సీంనామాలోనో నల్ల సిరాతో, ఉర్దూలో రాసి ఉన్నది. నాలుగు దిక్కులా ఎవరి గోడలు, ఏ దిక్కు దర్వాజా, ఎన్ని గజాలు, బావిలో ఎంత హక్కు, చూరు నీళ్లు ఎటు పడాలి — ఇన్ని సంగతులు ఆ కాగితంలో ఉంటాయి. ఉర్దూలో దీన్ని 'హుదూదె అర్బా' అంటారు, అంటే నాలుగు హద్దులు. చదవడం తెలిసినవాడు ఆ పది వరుసలు పట్టుకొని ఇంటి నక్షాను తిరిగి గీయగలడు. తెలియనివాడికి అది గొలుసుకట్టు రాత ఉన్న పాత కాగితం, అంతే.

ఇది ముస్లిం ఇళ్ల మాట మాత్రమే కాదన్నది గమనించాలి. హైదరాబాదు రాజ్యంలో 1880వ దశకంలో పార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. పట్వారీ, వకీలు, అమీను, దస్తావేజు రాసే ముంశీ ఏ మతస్థుడైనా ఉర్దూలోనే రాశాడు. మా మంథని నుంచి 1957 మొదలు 1977 దాకా శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు గారి ఉర్దూ ఎంత గొప్పదో ఈ ప్రాంతంలో ఇంకా చెప్పుకుంటారు. ఆయన తరానికి అది ఇంటి భాష కాకపోయినా కచేరీ భాష. ఆ తరం వెళ్లిపోయింది. ఇప్పుడు కాపువారి ఇంటి కాగితమైనా, పద్మశాలీల ఇంటి కాగితమైనా చదివించుకోవడానికి మసీదు మెట్లవద్దకే వస్తున్నారు. "సార్, మా తాత కాగితం. గిండ్ల ఏం రాసిందో జర చూడున్రి" అంటూ సంచిలోంచి తీస్తారు. మా వద్దకు వచ్చేవారిలో సగం మంది ముస్లిమేతరులే.

పెట్టెలో దాచిన పదిహేడు వరుసలు

ఇటువంటి కాగితం ఒకటి పోయిన ఏడాది మా చేతికి వచ్చింది. తెచ్చినవారు ఎనభై ఏళ్ల పెద్దమనిషి, గనిలో పనిచేసి రిటైరైనవారు. ఇల్లు కాలనీకి దగ్గరి ఊళ్లో ఉన్నది. ఊరు పోతుందన్న మాట వినవస్తున్నందున కాగితాలు సరిచూసుకుందామని వచ్చారు. తండ్రి పోయింది మొదలు యాభై ఏళ్లకు పైగా ఆ రేకు సందుగ ఆయన వద్దనే ఉన్నది. ఇంటి పన్ను ఏటేటా తానే కట్టారు, రసీదులన్నీ దారానికి గుచ్చి పెట్టారు. పెంకులు తానే మార్పించారు. చదివింది మాత్రం తెలుగు మీడియం. సందుగలోని ఆ ఒక్క కాగితాన్ని ఆయన జీవితంలో ఒక్కసారి కూడా చదువుకోలేదు.

"మౌల్వీ సాబ్, మా నాయన ఇల్లు కొన్న కాగితం. ఒక్కసారి చదివి చెప్పండి, ఇంజనీరొస్తే చూపిస్తా" అన్నారు.

అది కొన్న కాగితం కాదు. పదిహేడు వరుసలున్నాయి. సర్కారె ఆలీ స్టాంపు కాగితం, 1357 ఫసలీ, ఫర్వర్దీ నెల. ఆయన తండ్రి గారు తన రెండవ భార్యకు చెల్లించవలసిన 500 హాలీ రూపాయల మెహరుకు బదులుగా ఆ ఇంటిని ఆమెకు ఇచ్చివేశారు, స్వాధీనం చేశారు. దాన్ని 'బిల్ ఎవజ్ దైనె మెహర్' అన్నారు. మెహరు బాకీకి బదులుగా అని అర్థం. కాగితం వెనుక రిజిస్ట్రేషను ముద్ర, నంబరు, పుస్తకం, పుట కూడా ఉన్నాయి.

మా ముందు కూర్చున్న ఆ పెద్దమనిషి మొదటి భార్య కొడుకు. రెండవ తల్లికి ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి ముందే పోయారు, ఆమె ఆ తరువాత పోయారు. సవతి కొడుకులకు సవతి తల్లి ఆస్తిలో వారసత్వం లేదు. అంటే ఆ కాగితం నిలిస్తే ఇల్లు ఆ తమ్ముడిదీ, ఆ చెల్లెలిదీ — మూడు వంతుల్లో రెండు వంతులు అతనివి, ఒక వంతు ఆమెది. యాభై ఏళ్లు ఆ కాగితాన్ని చెద పట్టకుండా కాపాడిన మనిషికి అందులో ఒక్క గజమూ లేదు.

మేము ఒకసారి మనసులో చదువుకొని, ఇంకోసారి పైకి చదివాము. ఆయన చాలాసేపు ఊరుకున్నారు. "ఇది ఇట్లనే చదవాల్నా, ఇంకో తీరుగ కూడా చదవొచ్చునా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో దురుద్దేశం ఉన్నదని మేము అనుకోలేదు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాము, ఆయన తృప్తి కోసం. "రాసింది ఇదే" అన్నాము. "ఛోటీ అమ్మీ ఒక్కనాడూ చెప్పలేదు" అన్నారాయన. ఆమెకు తెలుసో లేదో! ఆమెకూ చదువు రాదట.

గొలుసుకట్టు రాతలో చుక్కలు సరిగా ఉండవు, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 'బిన్' అంటే కొడుకు, 'బింత్' అంటే కూతురు. తేడా ఒక్క అక్షరం. 'జౌజా' అంటే భార్య. ఈ చిన్న మాటల దగ్గర చదివేవాడు తడబడితే ఒక వారసురాలు కాగితంలోంచి మాయమవుతుంది. డబ్బు పుచ్చుకొని కావాలని తడబడేవారూ లేకపోలేదు. చేతికిచ్చిన కాగితం అమానత్. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులుండాలి అని వివరించే అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్ దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. రాసేవాడికి చెప్పిన ఆ న్యాయం చదివేవాడికి వర్తించదా?

ఆయన తెలుగు ప్రతి ఒకటి రాయించుకున్నారు. రెండు రోజులకు దాన్ని తీసుకొని తానే మంథనిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఏళ్లతరబడి కట్టిన పన్నూ, పెంకులకు పెట్టిన ఖర్చూ లెక్కలోకి రావాలని ఆయన కొడుకులు అంటున్నారు. అందులోనూ న్యాయం ఉన్నది. తేల్చేది వకీళ్లూ, వారి పెద్దలూ. మేము చదివిపెట్టేవారమే. మేము రాసిచ్చిన తెలుగు ప్రతి వారి అవగాహనకు మాత్రమే పనికి వస్తుంది, కోర్టుకు అధీకృత అనువాదం వేరే కావాలని కూడా చెప్పి పంపాము.

చదవబోయే ముందు

ఉర్దూ అక్షరాలు వచ్చిన పిల్లలు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు. వారు కూడా ఈ కాగితాలు చూసి వెనక్కి తగ్గుతున్నారు. నాలుగైదు సంగతులు తెలిస్తే భయం పోతుంది.

మొదటిది తేదీ. హైదరాబాదు రాజ్యంలో కచేరీ సంవత్సరం ఫసలీ. అది అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలయ్యేది. తరువాత దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహ్ర్, ఆబాన్. ఇవి ఇరానీ నెలల పేర్లు. హిజ్రీ నెలలనుకొని లెక్క కడితే తేదీ ఎక్కడికో పోతుంది. ఆజర్, దై నెలలకూ, బహ్మన్‌లో చాలా భాగానికీ ఫసలీకి 590 కలపాలి, మిగతా నెలలకు 591. పైన చెప్పిన 1357 ఫర్వర్దీ అంటే 1948 ఫిబ్రవరి ప్రాంతం, పోలీసు చర్యకు ఏడు నెలల ముందు.

రెండవది సొమ్ము. హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిషు ఇండియా ఆరు రూపాయలకు సమానం. మొత్తాన్ని అక్షరాల్లో రాసి, పక్కనే 'నిస్ఫ్' అంటూ దానిలో సగం ఎంతో కూడా రాసేవారు — అయిదు వందలు, నిస్ఫ్ రెండు వందల యాభై. మోసగాడు ఒక సంఖ్యను దిద్దినా రెండవది పట్టిస్తుంది. ఎంత తెలివైన పద్ధతి! అంకెల బదులు వంకర గీతల్లా కనిపించేవి కూడా కొన్ని ఉంటాయి. వాటిని సియాఖ్ అంటారు. అరబ్బీ సంఖ్యల పేర్లనే కుదించి రాసిన గుర్తులవి. అవి అర్థం కాకపోయినా కంగారు వద్దు, అక్షరాల్లో రాసినదాన్ని పట్టుకుంటే చాలు.

మూడవది దిక్కులు. షర్ఖ్ లేదా మష్రిఖ్ తూర్పు, గర్బ్ లేదా మగ్రిబ్ పడమర, షిమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. గజాల దగ్గర జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు గజం 36 అంగుళాలు, ఇలాహీ గజం అనే పాతది దాదాపు 33 అంగుళాలు. ఏ గజమో కాగితంలో రాయకపోతే మిగిలి ఉన్న ఒక పాత గోడను కొలిచి చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కాగితం వెనుక వైపు. మనవారు ముందు వైపు జిరాక్సు తీయించి వెనుక వదిలేస్తారు. రిజిస్ట్రేషను నంబరు, జిల్దు, పుట, తేదీ ఉండేది వెనుకే. అసలు కాగితం రేపు పోయినా ఆ నంబరుతో నకలు తెచ్చుకోవచ్చు.

సందుగ ఖాళీ అయితే

కాగితమే లేనివారి సంగతి ఏమిటి? వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. వెళ్లేముందు ఊరు ఏ కాలంలో ఏ కచేరీ కింద ఉన్నదో తెలుసుకోవాలి, లేకపోతే గుమాస్తా 'మా పరిధి కాదు' అన్నప్పుడు బదులు చెప్పలేము. మా కాలనీ ఉన్న ప్రాంతం 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం. దానికి ముందు కరీంనగర్ జిల్లా కమాన్‌పూర్ మండలం. 1985లో మండలాలు రాకముందు మంథని తాలూకా. నిజాం కాలపు కాగితాల్లో మహదేవ్‌పూర్ తాలూకా అని కనబడుతుంది. 1905కు ముందైతే జిల్లా పేరే ఎల్గందల్.

రిజిస్ట్రేషను కార్యాలయంలో ఒకటవ పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఉంటాయి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం రుసుము చెల్లించి ఎవరైనా ఆ పుస్తకాన్నీ, దాని సూచికలనూ చూడవచ్చు, నకలు అడగవచ్చు. 'మీరెవరు, మీకెందుకు' అన్న ప్రశ్నకు తావు లేదు. ఈసీ కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే చేత్తో వెతికించాలి. కంప్యూటరులో లేదన్న మాట విని తిరిగి రావద్దు. మరొక సంగతి చాలామందికి తెలియదు. నక్షాతో కూడిన దస్తావేజును రిజిస్టరు చేయాలంటే ఆ నక్షాకు సరైన నకలు ఒకటి జత చేయాలని అదే చట్టంలోని 21వ సెక్షను చెబుతుంది. మీ ఇంట్లో పోయిన నక్షా అక్కడి ఫైలులో పడి ఉండవచ్చు.

భూమి రికార్డులు వెతికేవారు చాలామంది తహసీలు ఆఫీసులో సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ అడుగుతారు. పొలానికి అవి ప్రాణం. ఊరి మధ్య ఇంటికి అవి పెద్దగా అక్కరకు రావు. గ్రామకంఠాన్ని, అంటే ఆబాదీని, ఇంటింటికీ విడదీయకుండా ఒక్క ముక్కగా చూపి వదిలారు. అక్కడ ఇంటికి సాక్ష్యం పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు. 1980వ దశకంలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని దఫ్తరాలు కచేరీకి చేరాయి, కొన్ని పట్వారీ ఇంటి అటక మీదే ఉండిపోయాయి. ఆ ఇళ్లవారిని మర్యాదగా అడగండి. ప్రభుత్వ కార్యాలయంలోని రికార్డు కోసమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

నికాహ్ సమయంలో ఖాజీ రాసిన సియాహాను మరువరాదు. మెహరు ఎంత, రొక్కమా, బాకీయా, ఇంటి రూపంలోనా అన్నది అందులో ఉంటుంది. ఖాజీ గారి దఫ్తరులో దొరకకపోతే హైదరాబాదులోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగంలో విచారించవచ్చు. అదే నగరంలో తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు పార్సీ పత్రాల నుంచి నిజాం కచేరీల ఉర్దూ ఫైళ్ల దాకా అక్కడున్నాయి. సామాన్యుడి బైనామా అక్కడ దొరకడం అరుదు. జాగీరు, ఇనాము, మసీదు సంబంధమైన ఇల్లయితే మాత్రం ప్రయాణం దండగ కాదు.

హైదరాబాదు పాత నగరంలో తాతల ఇల్లున్నవారు అదృష్టవంతులు. 1908 మూసీ వరద తరువాత, 1912 మొదలు 1915 దాకా, లియొనార్డ్ మన్ అనే అధికారి నగరాన్ని వీధి వీధిగా కొలిపించి వందలాది షీట్లలో నక్షాలు గీయించాడు. ఇంటి ఆకారం, ప్రాంగణం, బావి కూడా వాటిలో గుర్తించవచ్చు. ఆయన స్వతహాగా గనుల మనిషి, నిజాం ప్రభుత్వంలో భూగర్భ శాస్త్ర శాఖలో పనిచేసినవాడు. భూమి కింద వెతికేవాడి చేత భూమి మీది ఇళ్ల లెక్క తీయించారు!

ఇక మా ఊళ్లలో ఎక్కువగా పనికి వచ్చిన ఉపాయం మరొకటి. మీ ఇంటి కాగితం పోయినా, పక్కింటివారి కాగితంలో మీ ఇల్లు ఉంటుంది. వారి పడమటి హద్దు మీ తూర్పు గోడ. నాలుగు వైపులా ఉన్న నలుగురి బైనామాలు తెచ్చి ఒకచోట పెడితే మధ్యలో మీ ఇల్లు దానంతట అదే తేలుతుంది. ఇందుకు కావలసింది ఇరుగుపొరుగుతో మాటలుండటం. అవి లేనిచోట ఈ దారి మూసుకున్నట్టే.

రాతలేని హిబా గురించి చాలామంది అడుగుతున్నారు. ఇచ్చినవారి ప్రకటన, పుచ్చుకున్నవారి అంగీకారం, స్వాధీనం — ఈ మూడూ ఉంటే ముస్లిం హిబాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు మన ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన ఒక కేసులో స్పష్టం చేసింది. అయితే మెహరు వంటిదానికి బదులుగా ఇచ్చినదాన్ని న్యాయస్థానాలు అమ్మకంలా చూస్తాయి, దానికి ఆ సడలింపు చెల్లదు. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు సరైనవారి వద్ద నుంచి వస్తే, అందులోని సంతకమూ చేవ్రాతా నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలైన సాక్ష్య చట్టంలోనూ ఇది 92వ సెక్షనుగా ఉన్నది. అందుకే కాగితం ఎవరి సందుగలోంచి వచ్చిందన్నదీ సాక్ష్యమే. దాన్ని ఇంటికో చేయి మార్చవద్దు.

ప్లాస్టిక్ పూతతో ప్రేమ

కాగితం మీద ప్రేమతో మనవారు దాన్ని లామినేషన్ చేయిస్తున్నారు. దయచేసి ఆ పని మానండి. ఆ వేడికి సిరా చెడుతుంది, ముద్ర పరీక్షించడానికి వీలుండదు, తరువాత ఊడదీస్తే కాగితమే ఊడి వస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు కూడా వద్దు, పదేళ్లకు అది పసుపు జిగురై అక్షరాన్ని తినేస్తుంది. ఉతికిన నూలు బట్టలో చుట్టి, మడతలు తగ్గించి, గాలి ఆడే పెట్టెలో పెట్టండి. పాతవారు బస్తా కట్టి వేపాకు వేసింది ఊరికే కాదు. మా ప్రాంతంలో బొగ్గు దుమ్ము ఎక్కువ, ఏడాదికోసారైనా విప్పి మెత్తని బ్రష్షుతో దులపాలి. నీలి బ్లూ ప్రింటు ఉంటే దాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలించవద్దు, వెలుతురుకు ఆ నీలం వెలిసిపోతుంది. కొంత వెలిసినది చీకట్లో ఉంచితే చాలామట్టుకు తిరిగి వస్తుంది. సున్నం తగలనివ్వవద్దు, క్షారం ఆ రంగుకు శత్రువు.

ఇక ఉన్న ఇంటిని ఇప్పుడే కొలిచి పెట్టుకోవడం మిగిలింది. టేపుతో గోడ లోపలి కొలత, బయటి కొలత, గోడ మందం, దర్వాజాల ఎత్తు వెడల్పు రాయాలి. గోడ మట్టిదా, డంగు సున్నందా, దూలాలు టేకువా, మద్దివా, పెంకు ఏ రకం అన్నదీ రాయాలి. బావి, అరుగు, కొట్టం, ప్రహరీ విడివిడిగా చూపాలి. విలువ కట్టేరోజున నోటికి రాని వస్తువు పంచనామాలోకి రాదు. నాలుగు మూలల నుంచి ఫొటోలు తీసి, తేదీ వేసి, ఇద్దరు పొరుగువారి సంతకాలు తీసుకుంటే ఇంకా మంచిది.

ఆ పెద్దమనిషి ఇంటిని మొన్న పాలిటెక్నిక్ చదివిన కుర్రవాడు ఒకరు కొలిచారు. అన్నదమ్ములూ, మంథని చెల్లెలూ అందరూ వచ్చారు. టేపు ఒక కొస ఆమె పట్టుకున్నారు. మూడు వైపులా కాగితంలోని గజాలు సరిపోయాయి. ఉత్తరపు దాలాన్ వైపు మాత్రం రెండు మూరలు ఎక్కువ వచ్చింది. ఆ వైపు పొరుగు ఇంటివారిని వారి బైనామా చూపమని అడిగారు. అదీ ఉర్దూలోనే ఉన్నదట. వచ్చే జుమా తరువాత తెస్తామన్నారు.